పట్టీల నలుపు, బండ్లమోటు సీసం

రండర్రా, ఇలా అరుగు మీద కూచోండి. అమ్మలూ, ఆ పట్టీలు తీసి నా చేతికివ్వు. సంక్రాంతికి కొన్నప్పుడు తళతళలాడినవి ఇప్పుడు మసిబారాయని బెంగ పెట్టుకున్నావట. కొట్టువాడు కల్తీ చేశాడని ఎవరో నీ చెవిన వేశారట కూడా. మేలిమి వెండైనా నల్లబడుతుందమ్మా. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి. ఆ కారణం పట్టుకుని వెళితే వెండి గని దాకా వెళ్లొచ్చు.

చేపల చెరువు ఎండగట్టినప్పుడు గట్టు మీద నిలబడ్డారు కదా. అడుగున నల్లటి బురద, కుళ్లిన కోడిగుడ్డు వాసన. గాలి అందని ఆ బురదలో ఉండే సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువును వదులుతాయి. చేపలూ రొయ్యలూ దాని వల్ల కూడా చస్తాయని మన కొల్లేరు చుట్టుపక్కల చెరువు రైతులందరికీ తెలుసు. ఆ వాయువులో ఉన్నది గంధకం. అది గాలిలో రవ్వంత ఉన్నా చాలు, వెండి దాన్ని పట్టేసుకుంటుంది. రెండూ కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతాయి. నీ పట్టీ మీద నలుపు అదే. బంగారం గంధకాన్ని పట్టించుకోదు, అందుకే మీ నానమ్మ గాజులు ఎప్పుడు చూసినా అలాగే ఉంటాయి.

ముందు పట్టీల సంగతి చూద్దాం. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, దాని మీద పట్టీలు తగిలేలా పెట్టి, వేడినీళ్లు పోసి, రెండు చెంచాల వంటసోడా వెయ్యండి. గంధకం వెండిని వదిలి అల్యూమినియం వైపు వెళుతుంది. నలుపులో చిక్కుకున్న వెండి మళ్లీ పట్టీ మీదే మిగులుతుంది. పొడులు పెట్టి గట్టిగా రుద్దితే నలుపుతో పాటు వెండి కూడా అరిగిపోతుంది. రాళ్లు పొదిగిన నగలకు మాత్రం ఈ పని చేయకండి.

ఇప్పుడు అసలు కబురు. మీ పట్టీ మీది నలుపే భూమి లోపల పోగుపడి ఖనిజంగా కూడా దొరుకుతుంది. దాన్ని అకాంథైట్ అంటారు. వెండి బయట చేసే పనే లోపలా చేస్తుంది, గంధకాన్ని పట్టుకుని కూచుంటుంది. తీగలు తీగలుగా, ముద్దలుగా అచ్చమైన వెండి దొరికిన చోట్లు లేకపోలేదు. నార్వేలో కాంగ్స్‌బెర్గ్ అనే ఊరు 1620లలో అలా దొరికిన వెండి మీదే లేచింది. కానీ అలాంటివి అరుదు. ఇవాళ లోకంలో గనుల నుంచి వచ్చే వెండిలో ముప్పావు వంతు దాకా సీసం, జింకు, రాగి, బంగారం తవ్వేటప్పుడు వాటి వెంట వస్తున్నదే.

ఏరా చంటీ, చెయ్యెత్తావు. మన చెరువులో బోరు వేస్తే వెండి పడుతుందా అనేగా? పడదురా. మన కాళ్ల కింద ఉన్నదంతా కృష్ణా గోదావరులు తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక, వాటి అడుగున ఇంకా పాత పొరలు. కైకలూరు, లింగాల దగ్గర ఓఎన్‌జీసీ వాళ్లు ఇంత లోతు తవ్వినా వెతికింది ఆ పొరల్లో ఇరుక్కున్న గ్యాసునీ చమురునీ. వెండి ఖనిజం ఏటి నీళ్లలో ఇంత దూరం నిలవదు. గాలీ నీరూ తగలగానే గంధకపు ఖనిజాలు శిథిలమై కరిగిపోతాయి. వెండి కావాలంటే కదలని పాత రాతి దగ్గరికి పోవాలి.

కైకలూరులో రైలెక్కి గుడివాడ, బెజవాడ, గుంటూరు, నరసరావుపేట మీదుగా వినుకొండ చేరితే ఆ పాత రాయి కనిపిస్తుంది. అది కడప బేసిన్ ఉత్తరపు కొస, వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లు. అక్కడే పల్నాడులో అగ్నిగుండాల ఉంది. నల్లకొండ, దూకొండల్లో రాగి, బండ్లమోటులో సీసం. ఈ జాడ ఇప్పటిది కాదు. సామర్లకోట తోటలో మొక్కల మీద పనిచేసిన బెంజమిన్ హైన్ అనే కుంఫిణీ ఉద్యోగి 1814లో అచ్చయిన తన పుస్తకంలో అగ్నిగుండాల రాగి గనుల గురించి రాశాడు. మన వాళ్లు అంతకు ముందే అక్కడ తవ్వి, కరిగించి వాడుకున్నారన్న మాట. కడప జిల్లా జంగంరాజుపల్లె దగ్గరా ఇలాంటి పాత సీసపు తవ్వకాలు ఉన్నాయి.

బండ్లమోటు సీసపు ఖనిజం పేరు గెలీనా. సీసమూ గంధకమూ కలిసిన రాయి అది. ఉక్కు రంగులో మెరుస్తుంది, పగిలితే చిన్న చిన్న ఘనాలుగా విడిపోతుంది. చేతిలోకి తీసుకోగానే ఇంత బరువేమిటా అనిపిస్తుంది. అదే పరిమాణం నీటి కంటే ఏడున్నర రెట్లు బరువు. ఈ గెలీనా కడుపులో కంటికి కనపడనంత సన్నని రేణువులుగా వెండి దాక్కుంటుంది. అందుకే మన దేశంలో వెండి కోసం బయలుదేరినవాడు నేరుగా వెండిని వెతకడు, సీసాన్ని వెతుకుతాడు. దేశం మొత్తం మీద గనుల నుంచి వచ్చే వెండి దాదాపు అంతా రాజస్థాన్‌లో హిందుస్థాన్ జింక్ తవ్వే సీసం, జింకు గనులదే. ఏడాదికి సుమారు 700 టన్నులు. బండ్లమోటు గని కూడా ఒకప్పుడు ఆ సంస్థదే, తరువాత మూతపడింది. 1970లలో విశాఖపట్నంలో కట్టిన కర్మాగారంలో సీసం శుద్ధి చేసినప్పుడు వెండిని కూడా విడదీసేవారు.

సరే, ఒక కొండ దగ్గర సీసం ఉందేమోనన్న అనుమానం వచ్చింది. వెంటనే మిషన్ తెచ్చి తవ్వేస్తారా? తవ్వరు. మొదటి పని కాళ్లతోనే. భూవిజ్ఞాని సుత్తి, దిక్సూచి, భూతద్దం పట్టుకుని కొండంతా తిరుగుతాడు. ఏ రాయి ఎక్కడ మొదలై ఎటు వాలిందో పటం గీస్తాడు. పాత గుంతలు, లోహం కరిగించగా మిగిలిన చిట్టెం, తుప్పు రంగు పట్టిన గుల్ల రాళ్లు గుర్తు పెట్టుకుంటాడు. వాగుల్లో మెత్తటి మట్టి తీసి పరీక్షకు పంపుతాడు. వాగు వెంట పైకి పోయేకొద్దీ సీసం పాళ్లు పెరిగి, ఒకచోట హఠాత్తుగా తగ్గిపోతే, దాని మూలం ఆ మధ్యనే ఎక్కడో ఉందన్న మాట. అప్పుడు ఆ ముక్కలో గళ్లు గీసి గడికొకటి చొప్పున మట్టి తీస్తారు. నాకు ఈ దశే ఎక్కువ ఇష్టం. ఖర్చు తక్కువ, తెలివి ఎక్కువ.

ఆ తరువాత భూమిలోకి కరెంటు పంపి చూస్తారు. గెలీనా వంటి గంధకపు ఖనిజాల రేణువులు ఆ కరెంటును కాస్త పట్టి ఉంచుకుని, ఆపేశాక మెల్లగా వదులుతాయి. ఆ వదిలే తీరును కొలుస్తారు. చిక్కేమిటంటే, పనికిరాని ఇనుప గంధకం కూడా అలాగే చేస్తుంది. నల్లమల రాళ్లలో ఉండే నల్లటి కార్బన్ పొరలూ అంతే. కాబట్టి యంత్రం ఇక్కడేదో ఉందని మాత్రమే చెప్పగలదు. అది ఏమిటో తెలియాలంటే రాయి చేతికి రావాలి.

అప్పుడు వస్తుంది డ్రిల్లు. ఇది మన వీధిలోకి వచ్చే బోరు బండి కాదు. బోరు బండి రాయిని పిండి చేసి గాలితో బయటికి ఊదేస్తుంది. ఇక్కడ రాయి రాయిగానే కావాలి. రైసు మిల్లులో బస్తా విప్పకుండా ఇనుప గొట్టం గుచ్చి, బస్తా నడుమ నుంచి గుప్పెడు బియ్యం లాగి చూస్తారే, ఆ పని అనుకోండి. గొట్టం మూతికి పారిశ్రామిక వజ్రాలు పొదుగుతారు. అది గిర్రున తిరుగుతూ చుట్టూ రాయిని కోసుకుపోతే, నడుమ కడ్డీలా ఒక రాయి మిగిలి గొట్టంలోకి ఎక్కుతుంది. వేడెక్కకుండా నీళ్లు పంపుతూనే ఉంటారు. మూడేసి మీటర్ల చొప్పున పైకి లాగి, గళ్ల పెట్టెల్లో వరసగా పేర్చి, ఎన్నో మీటరుదో రాస్తారు. ఈ కడ్డీని కోర్ అంటారు. మామూలుగా వాడే ఒక సైజు కోర్ మందం 47.6 మిల్లీమీటర్లు, అంటే అయిదు సెంటీమీటర్లు కూడా లేదు.

భూవిజ్ఞాని దాన్ని తడిపి, అంగుళం అంగుళం చూసి రాసుకుంటాడు. తరువాత నిలువునా రెండుగా కోయిస్తాడు. ఒక సగం ల్యాబుకు, ఇంకో సగం పెట్టెలోనే. ఈ రెండో సగం సంగతి గుర్తు పెట్టుకోండర్రా, మళ్లీ చెబుతాను.

ల్యాబులో వెండిని కొలిచే పాత పద్ధతి ఒకటుంది, ఇప్పటికీ వాడతారు. రాతి పిండిలో సీసపు ఆక్సైడు కలిపి కరిగిస్తారు. కరిగిన సీసం అడుగుకు దిగుతూ పిండిలో ఉన్న వెండినంతా తనలోకి లాక్కుంటుంది. ఆ సీసపు ముద్దను ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి కొలిమిలో కాలిస్తే, సీసం ఆక్సైడుగా మారి గిన్నెలోకి ఇంకిపోతుంది. చివరికి ఆవగింజంత వెండి పూస మిగులుతుంది, దాన్ని తూచుతారు. కొండలో వెండి జాడ చూపించిన సీసమే ల్యాబులోనూ దాన్ని పట్టి ఇస్తుంది. నాకిది తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

ఇక లెక్క. పలక తేరా, చంటీ. భూమి పైపొరలో సగటున టన్ను రాతికి వెండి గ్రాములో పదోవంతు కూడా ఉండదు. గని తవ్వాలంటే టన్నుకు వంద గ్రాముల పైన ఉంటే ఆశ, అంటే మామూలు రాయి కంటే వెయ్యి రెట్ల పైగా పోగుపడాలి. మనం 150 గ్రాములు అనుకుందాం, తులం పది గ్రాముల లెక్కన 15 తులాలు. మీటరు పొడవు కోర్ సుమారు అయిదు కిలోలు తూగుతుంది. ల్యాబుకు పోయే సగం రెండున్నర కిలోలు, అందులో వెండి 0.375 గ్రాములు. నీ పట్టీలోని ఒక్క మువ్వకు కూడా సరిపోదు.

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. 50 మీటర్లకొక రంధ్రం చొప్పున వేశారనుకోండి. ఒక్కో రంధ్రం తన చుట్టూ 50 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు ముక్కకు సాక్ష్యం చెప్పాలి. మీటరు మందానికే అది 2,500 ఘనపు మీటర్లు, బరువులో 7,000 టన్నులు. అయిదు కిలోల కోర్ చూసి 7,000 టన్నుల రాయి ఇలా ఉంటుందని చెప్పడం! పైగా మొదటి విడతలో రంధ్రాలు ఇంత దగ్గరగా ఉండవు, 200 మీటర్ల ఎడం కూడా ఉండొచ్చు. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఉన్నది ఊహ. శాస్త్రం తెలిసినవాడి ఊహే కానీ, ఊహే. అందుకే మన దేశపు నిబంధనల్లో అన్వేషణకు నాలుగు మెట్లు పెట్టారు, జీ4 నుంచి జీ1 దాకా. మెట్టు మారేకొద్దీ రంధ్రాలు దగ్గరపడతాయి, ఊహ తగ్గుతుంది. 1851లో పుట్టిన జియాలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తొలి మెట్లలోనే ఎక్కువ పనిచేస్తుంది. 2023లో చట్టం మార్చి, వెండి, సీసం సహా లోతున దొరికే 29 ఖనిజాలకు ప్రైవేటు వాళ్లూ అన్వేషణ లైసెన్సు తీసుకునే వీలు కల్పించారు.

కడప బేసిన్‌లో పాత తవ్వకాల అడుగున, పక్కన ఇంకా లోతుగా చూడాలనే నా కోరిక. ఆ పని చేసేది మీలో ఒకరు కావాలని ఇంకా పెద్ద కోరిక. సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసిన సి. మహదేవన్ గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూవిజ్ఞాన శాఖను నిలబెట్టారు. చదువుకోవడానికి చోటు మన దగ్గరే ఉంది.

ఇది మీ అమ్మానాన్నలకు కూడా చెప్పండి. ఈమధ్య ఫోన్లలో ఫలానా కంపెనీకి వెండి గని దొరికింది, షేర్లు కొనండి అని కబుర్లు వస్తున్నాయి. అలాంటి కాగితం ఎవరైనా తెస్తే ఎన్ని రంధ్రాలు వేశారని ముందు అడగండి. ఒక్క రంధ్రంలో గొప్ప ఫలితం వచ్చి చుట్టూ ఉన్నవి ఖాళీగా వస్తే ఆ మాట కూడా చెప్పారా? కోర్‌లో పది మీటర్లు ఖనిజం కనిపించిందంటారు. ఖనిజపు పొర వాలుగా ఉండి, రంధ్రం దాన్ని 30 డిగ్రీల కోణంలో ఏటవాలుగా కోసుకుపోతే, అసలు మందం అయిదు మీటర్లే. ఏది చెబుతున్నారు, కోర్ పొడవా, పొర మందమా?

కోర్‌లో రెండో సగం ఎక్కడుందో కూడా అడగండి. ఇండొనేషియాలో బుసాంగ్ అనే చోట బ్రె-ఎక్స్ అనే కెనడా కంపెనీ బ్రహ్మాండమైన బంగారు గని దొరికిందని లోకాన్ని నమ్మించింది. వాళ్లు కోర్‌ను సగానికి కోసి దాచకుండా దాదాపు అంతా పిండి చేసేశారు. ఆ పిండిలో బయటి బంగారపు పొడి కలిపారు. 1997లో వేరే కంపెనీ పక్కనే రంధ్రాలు వేసి చూస్తే బంగారం లేదు. షేర్లు కొన్నవాళ్లు నిలువునా మునిగారు. 2001లో కెనడా నిబంధనలు మార్చింది, అర్హత గల నిపుణుడు తన పేరు పెట్టి బాధ్యత తీసుకుంటే తప్ప గని లెక్కలు బయట పెట్టకూడదని. రెండో సగం పెట్టెలో ఉంటే, అనుమానం వచ్చిన ఎవరైనా దాన్ని ఇంకో ల్యాబుకు పంపి సరిచూడొచ్చు. లేదంటే ఆ కాగితం మీద పైసా పెట్టొద్దని మీ నాన్నతో చెప్పండి.