సార్వా కంటే దాళ్వా మిన్న ఎందుకు?

గోదావరి డెల్టా సిరి అంతా నీటిదేనని మనం చెప్పుకుంటాము. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి కాలువలనే తలచుకుంటున్నాము, అది న్యాయమే. అయితే నీరు పుష్కలంగా ఉండే సార్వా కంటే, వంతులవారీగా నీరు అందే దాళ్వాలోనే ఎకరానికి ధాన్యం సాధారణంగా ఎక్కువ పండుతుంది. ముఖ్య కారణం ఎండ. సార్వాలో మబ్బులు వెలుగును అడ్డగిస్తాయి. దాళ్వాలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరం నుండి 8 నిమిషాలకు పైగా పయనించి వచ్చిన ఆ వెలుగుతోనే వరి ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేళ్లు పీల్చిన నీటిని కలిపి ఆహారంగా మారుస్తుంది. మనం తినే అన్నం అదే. ఆ నీరైనా సూర్యుని వేడిమికి సముద్రం నుండి ఆవిరై లేచి, వానగా కురిసి గోదావరిని చేరినదే.

భీమవరం పరిసరాలలోని రొయ్యల చెరువులను చూస్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది. నీటిలోని కంటికి కనబడనంత సన్నని నాచు పగటి వెలుగులో ప్రాణవాయువును విడుదల చేస్తుంది. రాత్రివేళ ఆ నాచు, రొయ్యలు కూడా దానిని వాడుకుంటాయి. రెండు మూడు రోజులు ముసురు వీడకపోతే నిల్వ తరిగిపోతుంది. మనం ఫజ్ర్ నమాజుకు లేచే వేళకు అది అతి తక్కువకు చేరి, రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతాయి. అప్పు తెచ్చి పంట వేసిన రైతు ఆ రాత్రంతా ఏరేటర్లు తిప్పుతూ గట్టు మీదనే ఉంటాడు. కరెంటు పోతే జనరేటరుకు డీజిలు పోస్తాడు. ప్రొద్దు పొడిచి, ఎండ నీటిలోకి దిగిన తరువాతనే నాచు తిరిగి పని మొదలుపెడుతుంది.