న్యూమోసిస్టిస్ న్యుమోనియా

కాలేయ మార్పిడి సవ్యంగా జరిగినా ఊపిరితిత్తులకు ముప్పు ఉంటుంది. కొత్త కాలేయాన్ని శరీరం తిరస్కరించకుండా టాక్రోలిమస్ వంటి మందులు రోగనిరోధక శక్తిని అణచిపెడతాయి. తొలి నెలలో బెడద ఎక్కువగా ఆసుపత్రి బ్యాక్టీరియాదే. ఆ తర్వాత ఆరో నెల దాకా న్యూమోసిస్టిస్ జిరోవెసి అనే శిలీంధ్రం కాచుకుని ఉంటుంది. ఆరోగ్యవంతులను ఇది సాధారణంగా ఏమీ చేయదు; రోగనిరోధక శక్తి తగ్గినవారికే న్యుమోనియా తెస్తుంది. 1981లో అమెరికాలో ఎయిడ్స్ తొలిసారి బయటపడింది లాస్ ఏంజెలిస్‌లో ఐదుగురు యువకులకు సోకిన ఈ న్యుమోనియాతోనే. పొడిదగ్గు, జ్వరం, నాలుగడుగులు వేస్తే ఆయాసం దీని లక్షణాలు. విచిత్రమేమిటంటే, దీన్ని అడ్డుకునేది ఖరీదైన మందేమీ కాదు, పాతకాలపు కోట్రైమాక్సజోల్ మాత్రే! మార్పిడి తర్వాత సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఇస్తారు. ఇందులో సల్ఫా ఉంటుంది కాబట్టి, సల్ఫా మందులు పడనివారు ముందే డాక్టరుకు చెప్పాలి. ఒంట్లో బాగానే ఉంది కదా అని ఈ మాత్రను సొంతంగా ఆపేయకండి.