గడి దాటగానే సేవ్ అయినట్టేనా?



మన హాస్టల్లో పట్టిక లేని రోజు ఉండదు. పొద్దున హాజరు పట్టీ, వంటకు ముందు స్టాకు రిజిస్టరు, కాస్మెటిక్ ఛార్జీలు ఇచ్చినప్పుడు సంతకాల రిజిస్టరు. కాగితం మీద పని తేలిక. పెన్నుతో గడిలో రాసి చెయ్యి తీస్తే రాసింది అక్కడే ఉంటుంది. అదే పట్టిక వెబ్ పేజీలోకి వచ్చేసరికి ఈ చిన్న విషయమే పెద్ద చిక్కు అయింది. గడిలో టైపు చేసింది కళ్ళకు కనిపిస్తుంది గానీ, అది దాచవలసిన చోటికి చేరిందో లేదో కనిపించదు. గడి దాటగానే దానంతట అదే సేవ్ అయ్యే పద్ధతి ఎలా పనిచేస్తుందో, అందులో ఎక్కడెక్కడ జాగ్రత్త పడాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

రాసింది ఎక్కడ ఉంటుంది?

వెబ్ పేజీకి రెండు చివరలు ఉంటాయి. ఒకటి మన ముందున్న బ్రౌజరు. రెండోది ఎక్కడో దూరాన ఉన్న సర్వరు, దాని వెనక డేటాబేసు. మనం గడిలో టైపు చేసిన అక్షరాలు మొదట బ్రౌజరు దగ్గరే ఉంటాయి. పేజీ మూసినా, కరెంటు పోయినా అవి పోతాయి. సర్వరుకు చేరి డేటాబేసులో పడితేనే నిలుస్తాయి.

పాత పద్ధతిలో పేరు పక్కన ఉన్న 'ఎడిట్' నొక్కితే వేరే పేజీ వచ్చేది. అక్కడ మార్చి 'సేవ్' నొక్కితే మళ్ళీ మొత్తం పట్టిక మొదటి నుంచి వచ్చేది. వంద మందికి ఫోన్ నంబర్లు ఎక్కించాలంటే వందసార్లు పోయి రావాలి. 1999లో మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో, పేజీ మొత్తం మారకుండానే వెనక నుంచి సర్వరుతో మాట్లాడే సదుపాయం పెట్టింది. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ తరహా పద్ధతికి 'అజాక్స్' అని పేరు పెట్టారు. 2006లో గూగుల్ స్ప్రెడ్‌షీట్స్ వచ్చింది. గడిలో రాస్తూ పోతే చాలు, సేవ్ బటన్ అక్కరలేదన్న అలవాటు అప్పటి నుంచి జనానికి బాగా పట్టింది.

'ఫోకస్', 'బ్లర్'

కర్సరు ఒక గడిలో ఉంటే ఆ గడికి 'ఫోకస్' ఉంది అంటాం. ట్యాబ్ కీ నొక్కినా, మౌసుతో వేరే చోట క్లిక్ చేసినా ఫోకస్ పోతుంది. అప్పుడు బ్రౌజరు జావాస్క్రిప్టుకు ఒక కబురు పంపుతుంది. దాని పేరే 'బ్లర్'. ఆ కబురు అందగానే గడిలోని విలువను సర్వరుకు పంపించడమే ఈ పద్ధతికి మూలం.

ఇందులో ఒక మెలిక ఉంది. బ్లర్ కబురు ఆ గడి దగ్గరే ఆగిపోతుంది, పై ఎలిమెంట్లకు చేరదు. వంద అడ్డు వరుసలు, అయిదు నిలువు వరుసలు ఉంటే అయిదు వందల గడులకు విడివిడిగా కాపలా పెట్టాలి. 'ఫోకస్ అవుట్' అనే కబురు అలా కాదు. అది గడి నుంచి వరుసకు, వరుస నుంచి పట్టికకు పాకుతుంది. అందుచేత పట్టిక మొత్తానికి ఒక్క కాపలాదారు సరిపోతాడు.

మెట్టు మెట్టుగా

ఒక విద్యార్థుల పట్టిక ఉందనుకుందాం. అందులో పేరు, తరగతి, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు ఉన్నాయి.

1. గడిలోకి రాగానే ఉన్న విలువను ప్రోగ్రాం గుర్తు పెట్టుకోవాలి.

2. గడి దాటగానే పాత విలువను, కొత్త విలువను పోల్చాలి. మార్పు లేకపోతే ఏమీ పంపనక్కరలేదు. లేకుంటే ఊరికే గడులు దాటుతూ పోయినా సర్వరుకు పని తగులుతుంది.

3. ఏ విద్యార్థి, ఏ గడి, ఏ విలువ అన్న మూడూ పంపాలి. 'ఏడో వరుస' అని పంపితే ప్రమాదం. పట్టికను పేర్ల వారీగా సర్దగానే ఏడో వరుసలోకి వేరొకరు వస్తారు. ప్రతి విద్యార్థికి డేటాబేసులో ఉన్న గుర్తింపు సంఖ్యనే పంపాలి.

4. సర్వరు ఆ విలువ సరైనదో కాదో చూడాలి. బ్రౌజరులో చూశాం కదా అని సర్వరులో మానరాదు. బ్రౌజరులో పెట్టిన తనిఖీని తెలిసినవారు ఎవరైనా దాటేయగలరు. మార్చే అధికారం ఆ మనిషికి ఉందా అన్నది కూడా సర్వరే చూడాలి.

5. డేటాబేసులో పడ్డాక సర్వరు 'అందింది' అని జవాబు ఇవ్వాలి. అది వచ్చాకే గడి పక్కన టిక్కు పెట్టాలి.

ఖాతా నంబరును అంకెగా కాక అక్షరాల వరుసగా దాచాలి. అంకెగా తీసుకుంటే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. పైగా 9007199254740991 దాటిన పూర్ణసంఖ్యలన్నింటినీ జావాస్క్రిప్టు మామూలు అంకెలుగా కచ్చితంగా పట్టుకోలేదు. చివరి అంకె మారిపోవచ్చు.

ఎస్కేప్, ఎంటర్ కీల తంటా

ఎస్కేప్ నొక్కితే 'నేను రాసింది వద్దు, పాతదే ఉంచు' అని అర్థం. ప్రోగ్రాం పాత విలువ పెట్టి గడిని మూస్తుంది. మూయడం వల్ల ఫోకస్ పోయి, బ్లర్ కబురు వచ్చి, వద్దన్న విలువే సేవ్ అయి కూర్చోవచ్చు! ఎంటర్ విషయంలో ఇంకో తంటా. ఎంటర్ నొక్కినందుకు ఒకసారి, గడి మూసినందుకు ఇంకోసారి, మొత్తం రెండుసార్లు సేవ్ అవుతుంది. 'ఈ మార్పు సంగతి తేలిపోయింది' అని ఒక గుర్తు పెట్టుకుని, బ్లర్ వచ్చినప్పుడు ముందు ఆ గుర్తు చూస్తే రెండు తంటాలూ తీరుతాయి.

గడి దాటితే సేవ్ చేయాలా, వదిలేయాలా అన్నది కూడా తయారుచేసేవారు తేల్చుకోవలసిన విషయమే. జెక్వెరీతో వాడే 'జెడిటబుల్' అనే ప్లగిన్‌లో ప్రత్యేకంగా చెప్పకపోతే గడి దాటగానే మార్పు రద్దవుతుంది. సేవ్ కావాలంటే ఆ సంగతి రాసి చెప్పాలి.

చేరకపోతే?

నెట్ పోవచ్చు. సర్వరు కాదనవచ్చు. అప్పుడు గడిలో కొత్త విలువ అలాగే కనిపిస్తూ, డేటాబేసులో మాత్రం పాతదే ఉంటే అంతకన్నా మోసం లేదు. అందుకే గడికి మూడు స్థితులు చూపాలి. అవి 'పంపుతున్నాం', 'చేరింది', 'చేరలేదు'. చేరనప్పుడు టైపు చేసింది చెరిపేయకుండా ఉంచి, మళ్ళీ పంపే వీలు ఇవ్వాలి. రంగు ఒక్కటే చాలదు, రంగులు పోల్చుకోలేనివారూ ఉంటారు. మాటగా కూడా రాయాలి.

ఒకే గడిలో 62 కొట్టి, వెంటనే 67గా దిద్దామనుకోండి. రెండు కబుర్లు పోతాయి. నెట్ నెమ్మదిగా ఉంటే 62 ఆలస్యంగా చేరి, 67 మీద కూర్చోవచ్చు. మొదటిదానికి జవాబు వచ్చాకే రెండోది పంపితే ఈ బాధ లేదు. అలాగే ఇద్దరు ఒకే పట్టిక తెరిచి ఒకే గడి మార్చవచ్చు. దీనికి ప్రతి వరుసకు ఒక కూర్పు సంఖ్య ఉంచుతారు. మనం చూసినది పాత కూర్పు అయితే సర్వరు 409 అనే జవాబు ఇచ్చి ఆపుతుంది. ఆ జవాబు చూసి, 'ఈ గడిని మరొకరు మార్చారు, ఒకసారి చూడండి' అని పేజీ చెప్పాలి.

గడిలో కర్సరు ఉండగానే పేజీ మూసేస్తే బ్లర్ మీద పూర్తిగా ఆధారపడలేం. కబురు దారిలో ఉండగానే తెగిపోవచ్చు. పేజీ తెర మీద నుంచి తప్పుకుంటున్నదని బ్రౌజరు ఇచ్చే కబురును పట్టుకుని, 'సెండ్ బీకన్' ద్వారా చివరి మార్పును పంపవచ్చు. ఫోన్లలో ఇది మరీ అవసరం. అయినా దీనికి జవాబు చూసే అవకాశం ఉండదు కాబట్టి, ఇది చివరి ప్రయత్నమే తప్ప పూచీ కాదు.

ఏ గడికి ఏ పద్ధతి?

ఫోన్ నంబరు, చిరునామా వంటివాటికి గడి దాటగానే సేవ్ కావడం మంచిదే. బ్యాంకు ఖాతా నంబరుకు మాత్రం వద్దని నా అభిప్రాయం. చెయ్యి తగిలి ఒక అంకె మారినా అది చడీచప్పుడు లేకుండా సేవ్ అయిపోతుంది. ఆ సంగతి టైపు చేసినవారికి తెలియదు. నెలల తర్వాత స్కాలర్‌షిప్ పడక, ఫీజు గడువు దగ్గరపడి, కారణం తెలియక ఆఫీసుల చుట్టూ తిరిగే విద్యార్థికే తెలుస్తుంది. అలాంటి గడికి నంబరు రెండుసార్లు రాయించి, 'మార్చమంటారా?' అని అడిగి, బటన్ నొక్కాకే సేవ్ చేయాలి. ఇక అన్ని గడులకూ ఎవరు, ఎప్పుడు, దేన్ని దేనిగా మార్చారో చరిత్ర ఉండాలి. కాగితం రిజిస్టరులో కొట్టివేత కింద పాత అంకె కనిపించేది. ఆ మంచి గుణాన్ని కంప్యూటర్ పోగొట్టకూడదు.

చేసి చూడండి

కంప్యూటర్ కోర్సులు చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇలాంటి పట్టిక తయారుచేస్తే ఈ ఆరు పరీక్షలు పెట్టండి. మార్చి ట్యాబ్ నొక్కండి. ఏమీ మార్చకుండా దాటండి. మార్చి ఎస్కేప్ నొక్కండి. బ్రౌజరులో ఎఫ్ 12 నొక్కి, నెట్‌వర్క్ విభాగంలో 'ఆఫ్‌లైన్' పెట్టి మార్చండి. మార్చిన వెంటనే పేజీ మూసి, మళ్ళీ తెరవండి. రెండు బ్రౌజర్లలో ఒకే గడి మార్చండి. ఆరింటిలోనూ తెర మీద ఉన్నదీ డేటాబేసులో ఉన్నదీ ఒకటైతేనే, లేదా తేడా ఉందని తెర స్పష్టంగా చెబితేనే మీ పని నెగ్గినట్టు.

సేవ్ బటన్ తీసేశామంటే, గుర్తుపెట్టుకుని సేవ్ చేసే బాధ్యత వాడేవారి మీద నుంచి తయారుచేసినవారి మీదకు వచ్చిందని అర్థం. మన పేర్లు ఈ రోజు ఎన్నో పట్టికల్లో ఒక్కో వరుసగా ఉన్నాయి. రేపు అలాంటి పట్టికలు తయారుచేసే ఉద్యోగాల్లోకి మనలోనే కొందరు వెళతారు. ప్రతి వరుసలో ఒక మనిషి ఉన్నాడని వారు మరువకుండా ఉండాలని కోరుకుంటూ, సెలవు.