తుక్కులో రంగులు, చెరువులో ఆకాశం

దుబల్గుండిలో ఒక ఇంటి అరుగు మీద ఆరో తరగతి అమ్మాయి తన బొమ్మల పుస్తకం మాకు చూపించింది. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద ఏరు, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. శ్రద్ధగా వేసింది. ‘ఇది ఏ ఊరమ్మా?’ అని అడిగాం. ‘ఏ ఊరు కాదు సార్, డ్రాయింగే’ అంది నవ్వుతూ.

ఆ జవాబులో తప్పు పిల్లది కాదు. బీదర్ జిల్లా హుమ్నాబాద్ తాలూకాలోని ఈ ఊరి చేలల్లో కంది పండుతుంది, చెరకు పెరుగుతుంది. హుమ్నాబాద్ మీదుగా పుణె–హైదరాబాద్ రహదారి పోతుంది. దారి పొడవునా లారీలు, మరమ్మతు షెడ్లు, పాత టైర్లు. రోజూ కళ్లబడేవే అయినా ఇవేవీ ఆ పుస్తకంలోకి రాలేదు. బొమ్మ వేయడానికి ఇవి పనికిరావని ఎవరు చెప్పారు? పనికొస్తాయని జీవితమంతా వేసి చూపిన ఒక తెలుగు చిత్రకారుడి గురించి ఈసారి మన బడుల పిల్లలకు చెప్పాలనుకున్నాం.

మధిర నుంచి హైదరాబాద్‌కు

ఆయన పేరు సూర్యప్రకాశ్. 1940లో ఖమ్మం ప్రాంతంలోని మధిరలో పుట్టారు. అప్పటికి మధిర, బీదర్ రెండూ హైదరాబాద్ సంస్థానంలోనివే. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగాక బీదర్ మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. సూర్యప్రకాశ్ హైదరాబాద్ లలితకళల కళాశాలలో చదివి, ఢిల్లీలో ప్రసిద్ధ చిత్రకారుడు రామ్‌కుమార్ దగ్గర మెళకువలు నేర్చారు. వారణాసి నగరాన్ని చిత్రించి పేరు తెచ్చుకున్నవారు రామ్‌కుమార్.

సూర్యప్రకాశ్‌కు తొలినాళ్లలో పేరు తెచ్చినవి తుక్కు బొమ్మలు. పాడై మూలపడిన మోటారు వాహనాలు, తుప్పు పట్టిన రేకులు, ఊడిపోయిన భాగాలు. నగరం వాడుకుని పారేసిన వాటిలో ఆయనకు ఆకారాలు, రంగులు కనిపించాయి.

తర్వాత ఆయన చూపు ప్రకృతి వైపు మళ్లింది. కొలనులు, తామరలు, రాలిన ఆకులు, నీళ్లలో చెట్ల నీడలు ఏళ్ల తరబడి వేశారు. ఫ్రాన్సులో క్లాడ్ మోనె కూడా జివెర్నీలోని తన తోట కొలనులో కలువలనే పదేపదే చిత్రించాడు. కొలను ఒకటే అయినా పొద్దున్న ఒక రంగు, సాయంత్రం మరో రంగు. అందుకే ఒక్క బొమ్మతో సరిపోలేదు. డాక్టర్ రెడ్డీస్ సంస్థ సూర్యప్రకాశ్‌కు ఆస్థాన చిత్రకారుడిగా ఆదరణ ఇచ్చింది. ఆయన 2019లో కన్నుమూశారు.

ఒక మాట, రెండు అర్థాలు

తుక్కు అన్న మాట దగ్గర ఆ అమ్మాయి మమ్మల్ని ఆపింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం ఆమెది. కన్నడంలో ‘తుక్కు’ అంటే తుప్పు. తెలుగులో తుక్కు అంటే పనికిరాని సామాను. ‘అయితే తుక్కుకు తుక్కు పట్టింది అనొచ్చా సార్?’ అని అడిగింది. అందరం నవ్వాం. రెండు భాషలు వచ్చిన పిల్లకే తోచే ప్రశ్న అది. ‘తామర’ను కన్నడంలో ‘తావరె’ అంటారని కూడా తనే చెప్పింది.

తుప్పు అంటే ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో, తేమతో కలిసి మారిన పదార్థం. బీదర్ ఎర్రమట్టికి ఆ రంగు వచ్చిందీ ఇనుము ఆక్సైడ్ల వల్లే. అంటే రోడ్డు పక్కన లారీ రేకు మీదా, ఊరి నేల మీదా ఉన్నది దగ్గరి చుట్టరికం గల రంగే. రంగుల పెట్టెలో ఒక్క ‘ఎరుపు’ తీసి పూస్తే అది రాదు. ఎరుపు, పసుపు, కొంచెం నలుపు కలిపి చూడాలి.

డ్రాయింగ్ పీరియడ్‌కు ఒక పని

చాలాచోట్ల డ్రాయింగ్ పీరియడ్ అంటే మిగిలిపోయిన లెక్కలు చేయించే పీరియడ్. ఉపాధ్యాయులకు మా విన్నపం ఒక్కటే: వారానికి ఆ ఒక్క గంటను బొమ్మలకే ఉంచండి. పిల్లలను ఆవరణలోకి తీసుకెళ్లి పాత సైకిలో, నీటి గుంటో, ఎండిన ఆకో చూపించండి. పది నిమిషాలు పెన్సిలు పట్టనివ్వకండి, చూడనివ్వండి. కనిపించిన రంగులకు తెలుగు పేర్లు రాయించి, పక్కన కన్నడ పేర్లు రాయించండి. ఆ తర్వాతే బొమ్మ. చూసినదానికి ఇంటి భాషలో పేరు పెట్టే అవకాశం బడిలో లేకపోతే ఆ మాటలు ఇంట్లోనూ మెల్లగా కరువవుతాయి.

మేము బయల్దేరేటప్పుడు ఆ అమ్మాయి పుస్తకంలో కొత్త పేజీ తీసింది. చక్రం లేని ట్రాక్టర్ ట్రాలీ గీస్తోంది. ఈసారి ఏ ఊరని అడగలేదు. పేజీ పైన తనే తెలుగులో, కన్నడంలో రాసుకుంది: దుబల్గుండి.