సాగరు ముంచగా మిగిలిన సామాను

మాచర్ల: విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్లేవారు ముందు బుద్ధ విగ్రహం దగ్గర ఆగుతారు. శిల్పాలన్నీ చుట్టి వచ్చేసరికి లాంచీ తిరుగు వేళ అవుతుంది. కుండలు, పూసలు, రాతి గొడ్డళ్ల దగ్గర నిలిచేవారు తక్కువ. ఇంటి సంగతులు చెప్పేవి మాత్రం అవే.

సాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యాన కేంద్ర పురావస్తు శాఖ తవ్వకాలు సాగించింది. నీళ్లు వచ్చేలోగా ముగించవలసిన పని అది. దొరికినవాటిని కొండమీదికి చేర్చి 1966లో మ్యూజియం తెరిచారు. కొన్ని కట్టడాలను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. తక్కిన లోయ నీటి అడుగునే ఉంది.

రాతి గొడ్డళ్లు నవీన శిలాయుగం నాటివి. అంచు నూరి, నునుపు చేసి వాడుకున్నారు. తరువాతివారు ఇనుము ఎరిగినవారు. పల్లెల్లో రాక్షసగుళ్లనే రాతి సమాధుల్లో చచ్చినవారి పక్కన కుండలు, ఇనుప పనిముట్లు పెట్టేవారు. ఆ కుండలకు లోపలి వైపు, అంచు నలుపు, అడుగు ఎరుపు. ఆవంలో బోర్లించి కాల్చడం వల్ల ఆ రెండు రంగులు వచ్చాయని పండితులంటారు. కుమ్మరివారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక్ష్వాకుల నాటికి, అంటే 3వ శతాబ్దంలో, విజయపురి రాజధాని. సీసపు నాణేలు చెల్లేవి. రోము దేశపు బంగారు నాణేలూ దొరికాయి. తవ్వకాల్లో ఒక కంసాలి దుకాణమే బయటపడింది: మూసలు, నగల అచ్చులు, గీటురాయి. కొలిమి ముందు కూర్చున్న ఆ మనిషి పేరు మాత్రం తెలియదు. చనిపోయినవారి జ్ఞాపకార్థం ఎత్తిన ఛాయాస్తంభాల్లో రాజుల సరసనే పనివారి పెద్ద ఒకరిదీ ఉండడం విశేషం.

పల్నాటి చేలల్లో నాగలికి పాత కుండ తగిలితే నిక్షేపమనుకుని పగలగొట్టేవారున్నారు. చాలాసార్లు లోపల మన్ను తప్ప ఏమీ ఉండదు, కుండ కాస్తా పెంకులవుతుంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దాగి దొరికిన విలువైన వస్తువు 10 రూపాయలు మించితే రాతపూర్వకంగా కలెక్టరుకు తెలపాలి.

మ్యూజియానికి శుక్రవారం సెలవు. గాలి, వరద ఎక్కువైతే లాంచీలు కదలవు. రేవులో అడిగి బయలుదేరడం మేలు.