మీకు తెలుసా? పాల్వంచ బూడిద, కారు మెరుపు

పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో 1966 నుంచి బొగ్గుతో కరెంటు తయారవుతోంది. బొగ్గు కాలాక మిగిలే బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. రెండూ గట్టివే! అందుకే కారు మీద వాలిన బూడిదను పొడిగుడ్డతో తుడిస్తే పెయింటుపై సన్నటి గీతలు పడతాయి. ముందు పైపుతో నీళ్లు కొట్టి, తర్వాతే షాంపూ నురగతో మెత్తటి గుడ్డ పెట్టాలి.

దుమ్ము చేరేది పెయింటు మీదే కాదు, ఎయిర్ ఫిల్టర్‌లో కూడా. దాన్ని ఊడదీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మడతల్లోని దుమ్ము తెలిసిపోతుంది. కాగితం ఫిల్టర్‌ను మాత్రం కడగకూడదు, మార్చేయాలి.

దుమ్ముతో పాటు తేమనూ పట్టించుకోవాలి: బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే బ్రేక్ ఆయిల్ ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ మరిగే స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలే. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమనేది ఇందుకే.

ఇక టైర్ల సంగతి. టైరు పక్కభాగం మీద 2423 అని ఉంటే, అది 2023లో 24వ వారంలో తయారైనట్టు. గాలి మాత్రం పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. కిన్నెరసాని డ్యామ్ దాకా వెళ్లొచ్చాక చూస్తే వేడికి ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది.