ఏ సినిమా ఆడుతుంది? మా పందెం లెక్క

కువైట్‌లోని సబా అల్ సలేంలో మేం అయిదుగురం స్నేహితులం ఏటా సంక్రాంతికి ఒక పోటీ పెట్టుకుంటాం. రాబోయే సినిమాల్లో ఏది ఆడుతుందో, ఏది ఆడదో ముందే చెప్పాలి. పందెంలో డబ్బు ఉండదు. ఈ దేశంలో జూదం నేరం. పైగా మా జీతాలు ఊళ్ళో అప్పులకీ, పిల్లల ఫీజులకీ ముందే లెక్క కట్టినవి. ఓడినవాడు శుక్రవారం సెలవునాడు అందరికీ బిరియానీ వండాలి, గిన్నెలూ తోమాలి.

మొదట్లో ఈ పోటీ పోట్లాటయ్యేది. "మా హీరో సినిమా హిట్టే అన్నా" అని ఒకరు, "ఏ లెక్కన హిట్టురా?" అని ఇంకొకరు. ఒకసారి ఇద్దరు నెల రోజులు మాట్లాడుకోలేదు. ఇల్లూ వాకిలీ వదిలి ఇంత దూరం వచ్చినవాళ్ళం, జ్వరమొస్తే ఒకరికొకరమే దిక్కు. సినిమా కోసం మాటలు మానుకోవడమేమిటని మూడు నియమాలు పెట్టుకున్నాం. మీకూ పనికొస్తాయని చెప్తున్నాను.

మొదటిది, హిట్టంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి. టిక్కెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. అందులో పన్నులు, హాలు అద్దె పోగా మిగిలేది షేర్. ఒక ఏరియా హక్కులు 20 కోట్లకు కొన్నాయనకు 25 కోట్ల షేర్ వస్తే హిట్టు. 40 కోట్లకు కొని ఉంటే అదే 25 కోట్లు నష్టం. వచ్చిన జనం మారలేదు, కొన్న ధర మారింది.

రెండవది, విడుదలకు ముందే కాయితం మీద రాసి ఇవ్వాలి. లేకపోతే తర్వాత అందరూ "నేనప్పుడే చెప్పానుగా" అంటారు.

మూడవది, ఎంత నమ్మకమో శాతంలో చెప్పాలి. వాతావరణ సూచనలను బేరీజు వేయడానికి 1950లో గ్లెన్ బ్రయర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి ఇది. 90 శాతం నమ్మకంతో చెప్పింది తప్పితే 0.9ని 0.9తో గుణించి 0.81 తప్పుమార్కులు. 60 శాతమన్నవాడికి 0.36 మాత్రమే. చెప్పింది నిజమైతే మొదటివాడికి 0.01, రెండోవాడికి 0.16. తప్పుమార్కులు తక్కువున్నవాడిదే గెలుపు. అభిమానంతో గొప్పలు పోయేవాడికి ఈ లెక్కలో వాత తప్పదు.

సంక్రాంతి ఎన్నోసార్లు అంచనాలను తలకిందులు చేసింది. 2017లో 'ఖైదీ నంబర్ 150', 'గౌతమీపుత్ర శాతకర్ణి' పక్కన వచ్చిన చిన్న సినిమా 'శతమానం భవతి' బాగా ఆడింది. 2024 జనవరి 12న 'గుంటూరు కారం', 'హను-మాన్' ఒకే రోజు వచ్చాయి. చివరికి వసూళ్ళలో 'హను-మాన్' ముందుంది. 2025లో 'గేమ్ ఛేంజర్' తర్వాత నాలుగు రోజులకు వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' దాన్ని దాటిపోయింది. మొదటి రెండు మూడు రోజులు హీరో పేరు జనాన్ని రప్పిస్తుంది. ఆ తర్వాత రప్పించేది చూసినవాళ్ళ మాట. పండక్కి ఇంటిల్లిపాదీ కదిలే సినిమాకు ఆ మాట బలం ఎక్కువ.

మాలో ఎక్కువసార్లు గెలిచేది ఏ హీరోకీ అభిమాని కాని ఒక డ్రైవరన్న. కాయితం రాసే ముందు రాయచోటిలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి, "పండక్కి మీరంతా ఏ సినిమాకు పోతారమ్మా?" అని అడుగుతాడు. మేమెవరం అడగని ప్రశ్న అదే. ఈ సంగతి తెలిశాక మేమూ ఇళ్ళకు ఫోన్ చేసి అడుగుతున్నాం. సినిమా సంగతి అటుంచి, ఇంటి కబుర్లు నాలుగు ఎక్కువ తెలుస్తున్నాయి.

సెలవు.